ఆవకాయ ఎందుకు పాడవుతుంది? జాడీలో ఉప్పు, ఊట, నూనె చేసే పని

క్లుప్తంగా: ఆవకాయ ఏడాది నిలవడానికి కారణం ఏ ఒక్క దినుసూ కాదు. ముక్కలోని నీటిని ఉప్పు కట్టేస్తుంది, మామిడి పులుపు ప్రమాదకరమైన సూక్ష్మజీవుల్ని ఆపుతుంది, ఆవపిండి ఘాటు తోడు నిలుస్తుంది, నూనె గాలిని అడ్డుకుంటుంది. ఈ మధ్య ఇళ్ళల్లో పచ్చడి తొందరగా పాడవడానికి ఎక్కువగా కనిపించే కారణాలు రెండు: ఆరోగ్యం కోసం ఉప్పు తగ్గించడం, తూకం వదిలేసి గ్లాసుతో కొలవడం. కూరగాయల పచ్చళ్ళకు, మాంసం పచ్చళ్ళకు ఒకే లెక్క సరిపోదు.

మే నెల వచ్చేసరికి రైతుబజార్లలో కాయల గుట్టల పక్కనే కత్తిపీటలు వెలుస్తాయి. కాయలు కొని అక్కడే ముక్కలు కొట్టించుకుని ఇంటికి తెచ్చుకునేవారే ఇప్పుడు ఎక్కువ. పెద్దవాళ్ళు పక్కన ఉండి చెప్పే రోజులు చాలా ఇళ్ళల్లో పోయాయి. ఫోన్‌లో వీడియో చూసి కలపడం మామూలైంది. ఒక వీడియోలో ఉప్పు, కారం, ఆవపిండి సమపాళ్ళు అంటారు. ఇంకొకరు ఉప్పు ముప్పావు గ్లాసు చాలంటారు. ఒకరు నూనె కాచి చల్లార్చమంటే, మరొకరు పచ్చి నూనే పొయ్యాలని గట్టిగా చెబుతారు. అందరి జాడీలూ వీడియోలో బాగానే ఉంటాయి. ఇంట్లో కలిపినది మాత్రం ఆగస్టు వచ్చేసరికి బూజు పడుతుంది, లేదా ముక్క మెత్తబడి పిండిలో కలిసిపోతుంది.

కిలోల కొద్దీ కాయలు, కొత్త కారం, మంచి నూనె, రెండు మూడు రోజుల కష్టం ఒక్కసారిగా పారబోయాల్సి రావడం ఏ ఇంటికైనా బాధే. ఇలాంటప్పుడు ‘చెయ్యి మంచిది కాదు’ అనో, ‘దిష్టి తగిలింది’ అనో సర్దుకుంటూ ఉంటారు. నిజానికి జాడీలో జరిగేదంతా లెక్కకు అందేదే. ఆ లెక్క తెలిస్తే ఎవరి పద్ధతి ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బతింటుందో కూడా తెలుస్తుంది.

ముక్కలో నీరు, మూడో రోజు ఊట

పచ్చి మామిడికాయ కండలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీరే. సూక్ష్మజీవులు పెరగడానికి కావాల్సింది కూడా నీరే. అయితే ఎంత నీరు ఉందన్నది కాదు, అందులో సూక్ష్మజీవులు వాడుకోగలిగినది ఎంత అన్నదే ముఖ్యం. దీన్ని ఆహార శాస్త్రంలో ‘వాటర్ యాక్టివిటీ’ అంటారు. స్వచ్ఛమైన నీటికి అది 1. తాజా పండ్లకు, కూరగాయలకు దాదాపు 0.98 పైనే ఉంటుంది. చాలా రకాల బ్యాక్టీరియా 0.91 కంటే కిందికి వెళ్తే పెరగలేవు. ఉప్పును బాగా తట్టుకునే స్టెఫైలోకాకస్ ఆరియస్ 0.86 దాకా లాగుతుంది. బూజులు ఇంకా మొండివి. మామూలు బూజులు 0.80 దాకా బతుకుతాయి, కొన్ని అరుదైనవి అంతకన్నా పొడిగా ఉన్నచోట కూడా పెరుగుతాయి.

ఉప్పు చేసే పని ఈ అంకెను కిందికి దించడమే. మామిడి ముక్క మీద ఉప్పు పడగానే బయట ఉప్పు గాఢత ఎక్కువ, లోపల తక్కువ. దాంతో ముక్కలోని నీరు బయటికి వస్తుంది. కొంత ఉప్పు లోపలికి పోతుంది. బయటికి వచ్చిన ఆ నీరే ఊట.

కలిపిన రోజు జాడీలోకి చూస్తే ముక్కలకు పిండి పొడిపొడిగా అంటుకుని ఉంటుంది. నూనె ఒకచోట, పిండి ఒకచోట, ముక్క ఒకచోట. మూడో రోజు వాసెన గుడ్డ విప్పి చూస్తే అదే జాడీ కాదనిపిస్తుంది. ముక్కలు కాస్త కిందికి దిగి ఉంటాయి. పిండి తడిసి, ఎరుపు ముదిరి, జారుగా మారుతుంది. అంచుల వెంట నూనె తేలి మెరుస్తుంటుంది. అడుగున ఊట చేరి ఉంటుంది. తెడ్డు అడుగుదాకా పోనిచ్చి తిరగగలిపేది ఆ ఊట అంతటా అందడానికే. పైనున్న ముక్కలకు ఉప్పూ పులుపూ ఇంకా సరిగా పట్టి ఉండవు. వాటిని కిందికి, కిందివాటిని పైకి తేవాలి. ఉప్పు చూసేది కూడా ఆ రోజే. మొదటి రోజు రుచి చూస్తే ఉప్పు పిండిలోనే ఉంటుంది కాబట్టి ఎక్కువైనట్టు అనిపిస్తుంది. అది చూసి తగ్గించినవారు తర్వాత ఇబ్బంది పడతారు. మూడో రోజుకు ఉప్పు ఊటలో కరిగి ముక్కల్లోకి పోయి ఉంటుంది. అప్పుడు నాలుకకు తెలిసేదే అసలు ఉప్పు.

ఉప్పు లెక్క కాగితం మీద

ఒక ఉదాహరణ తీసుకుందాం. కిలో మామిడి ముక్కలు, 200 గ్రాముల ఉప్పు, 200 గ్రాముల కారం, 200 గ్రాముల ఆవపిండి, 400 గ్రాముల నూనె. మొత్తం 2 కిలోల పచ్చడి. ఉప్పు మొత్తం మీద 10 శాతం. అయితే ఉప్పు నూనెలో కరగదు, ముక్కల్లోని నీటిలోనే కరుగుతుంది. టెంక బరువు పోను కిలో ముక్కల్లో 750 గ్రాముల నీరు ఉందనుకుంటే, 200 గ్రాముల ఉప్పు కలిసిన ద్రావణం 950 గ్రాములు. అందులో ఉప్పు 21 శాతం. అంత గాఢమైన ఉప్పునీటి వాటర్ యాక్టివిటీ దాదాపు 0.83. పొడిగా ఉన్న కారం, ఆవపిండి కూడా కొంత నీటిని పీల్చుకుంటాయి కాబట్టి నిజంగా అంతకన్నా తక్కువే ఉంటుంది. దాదాపు బ్యాక్టీరియా అంతా ఆగిపోయే చోటు అది. బూజుకు మాత్రం కొంచెం దారి మిగిలి ఉంటుంది. దాన్ని మూసేది నూనె.

ఇప్పుడు అదే లెక్కలో ఉప్పు 120 గ్రాములకు తగ్గించి చూద్దాం. నీటిలో ఉప్పు 14 శాతం దగ్గర ఆగుతుంది. వాటర్ యాక్టివిటీ 0.90 దగ్గరికి పెరుగుతుంది. పచ్చడి రుచిగానే ఉంటుంది, ఇంకా బాగుందని కూడా అనవచ్చు. కానీ ఈస్టుకు, బూజుకు, ఉప్పును తట్టుకునే కొన్ని బ్యాక్టీరియాకు తలుపు తెరిచినట్టే. రుచిలో తేడా చిన్నది, నిలవలో తేడా నెలల్లో ఉంటుంది. ‘ఒక గుప్పెడు ఉప్పేగా’ అనుకున్నది అంత పని చేస్తుంది.

ఇక గ్లాసు కొలత. పాత రోజుల్లో సోలతోనో గ్లాసుతోనో కొలిచినా పాడవ్వలేదు కదా అని అడగవచ్చు. అప్పుడు ప్రతి ఏడాదీ అదే గ్లాసు, అదే కల్లుప్పు, అదే రోలు. ఉప్పును ఎండబెట్టి, దంచి, జల్లించి కొలిచేవారు. ఏటా తేడా రాలేదు. ఇప్పుడు ఒక ఇంట్లో ప్యాకెట్ ఉప్పు, ఇంకో ఇంట్లో కల్లుప్పు పలుకుల్లాగే, మరో ఇంట్లో మిక్సీలో తిప్పినది. మెత్తటి ప్యాకెట్ ఉప్పు 240 మిల్లీలీటర్ల కప్పుకు దాదాపు 290 గ్రాములు తూగుతుంది. అదే కప్పులో కల్లుప్పు పలుకులు పోస్తే మధ్యలో ఖాళీలు ఉంటాయి కాబట్టి బరువు బాగా తగ్గుతుంది. కారం, ఆవపిండి సంగతీ అంతే. మరపట్టిన కారం, ఇంట్లో దంచిన కారం ఒకే గ్లాసులో ఒకే బరువు తూగవు. కాబట్టి వీడియోలో చెప్పినావిడ తప్పు చెప్పిందనీ కాదు, విన్నవారు తప్పు చేశారనీ కాదు. ఇద్దరి గ్లాసుల్లో ఉన్నది ఒకే ఉప్పు కాదు. వంటింట్లో 5 కిలోల దాకా తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే ఈ గందరగోళం సగం తీరిపోతుంది.

బీపీ భయం, ఉప్పు తక్కువ పచ్చడి

ఉప్పు తగ్గించాలన్న ఆలోచన వెనక ఉన్న కారణం సరైనదే. పెద్దలు రోజుకు మొత్తం 5 గ్రాముల లోపే ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన భోజనంలో పప్పు, పులుసు, అప్పడం, పచ్చడి అన్నీ కలిపితే ఆ హద్దు దాటడం ఎంతో తేలిక.

కానీ లెక్క వేస్తే ఎక్కడ తగ్గించాలన్నది స్పష్టమవుతుంది. 10 శాతం ఉప్పున్న ఆవకాయ ఒక చెంచా, అంటే 15 గ్రాములు వేసుకుంటే లోపలికి పోయే ఉప్పు 1.5 గ్రాములు. ఉప్పు తగ్గించి కలిపిన ఆవకాయ, అంటే మొత్తం మీద 6 శాతం ఉన్నది అదే చెంచా తింటే 0.9 గ్రాములు. మామూలు ఆవకాయను అర చెంచాకు తగ్గిస్తే 0.75 గ్రాములే. ఉప్పు తక్కువేసి జాడీని పాడుచేసుకోవడం కన్నా సరిగ్గా ఉప్పేసిన పచ్చడిని సగం వేసుకోవడం వల్ల ఎక్కువ మేలు. పైగా తక్కువ ఉప్పు పచ్చడి కదా అన్న ధైర్యంతో రెండు ముద్దలు ఎక్కువ కలుపుకోవడం అందరికీ తెలిసిందే. తప్పనిసరిగా తక్కువ ఉప్పుతోనే కావాలంటే కొద్దికొద్దిగా కలుపుకుని, ఫ్రిజ్‌లో పెట్టి, కొన్ని వారాల్లో అయిపోగొట్టాలి. దాన్ని ఏడాది పచ్చడిగా చూడకూడదు.

పులుపు అనే రెండో తాళం

ఆవకాయ విషయంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని రక్షణ పులుపు. సూక్ష్మజీవుల వల్ల వచ్చే ఆహార విషాల్లో అత్యంత ప్రమాదకరమైనది బోట్యులిజం. దానికి కారణమైన క్లాస్ట్రీడియం బోట్యులినమ్ గాలి లేని చోటే పెరుగుతుంది. నూనె కింద ఉన్న పదార్థం దానికి సరిపోయే చోటే. అయితే పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉంటే, అంటే పులుపు తగినంత ఉంటే అది పెరగలేదు. పచ్చి మామిడి పీహెచ్ సాధారణంగా 3 చుట్టుపక్కల ఉంటుంది. ఉప్పు కూడా ఆ బ్యాక్టీరియాకు గిట్టదు, నీటిలో 10 శాతం దాటితే ఆగిపోతుంది. ఆవకాయకు ఈ విధంగా రెండు తాళాలు పడ్డట్టు. పుల్లటి కాయే కావాలని పెద్దవాళ్ళు పట్టుబట్టడం రుచి కోసమే కావచ్చు, కానీ ఆ పట్టుదల నిలవకు కూడా సాయపడింది.

వెల్లుల్లి విషయం ఇక్కడ ఆలోచించాలి. వెల్లుల్లికి పులుపు ఉండదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో నూనెలో వేసిన తరిగిన వెల్లుల్లిని ఫ్రిజ్‌లో పెట్టకుండా వాడటంతో 30 మందికి పైగా బోట్యులిజం బారిన పడ్డారు. 1989లో న్యూయార్క్‌లో మళ్ళీ అలాంటి కేసులే వచ్చాయి. ఆ తర్వాత నూనెలో వెల్లుల్లి అమ్మాలంటే పులుపు కలపాల్సిందేనని అమెరికా నియమం పెట్టింది. మరి ఆవకాయలో గుప్పెళ్ళతో వెల్లుల్లి రేకలు వేస్తాం కదా? అక్కడ అవి ఒంటరిగా లేవు. మామిడి ఊటలోని పులుపూ ఉప్పూ రేకల్లోకి ఇంకుతాయి. కొన్ని వారాల తర్వాత ఆవకాయలో వెల్లుల్లి రేక కొరికితే పుల్లగా తగలడానికి కారణం అదే. నూనెలో ఉత్త వెల్లుల్లి వేసి గట్టుమీద ఉంచడం, ఆవకాయలో వెల్లుల్లి వేయడం రెండూ ఒకటి కావు.

కోడి, రొయ్య, మటన్ పచ్చళ్ళ దగ్గర తేడా ఇంకా పెద్దది. మనం దేన్నైనా పచ్చడి అనే అంటాం. మాట ఒకటే కావడంతో నిలవ కూడా ఒకటే అనుకుంటాం. మాంసంలో సహజమైన పులుపు లేదు. ఆవకాయలో వేసినంత ఉప్పు మాంసం పచ్చడిలో వేస్తే నోట పెట్టలేం. అక్కడ రక్షణ అంతా రెండింటి మీదే ఉంటుంది. ముక్కను నీరంతా పోయేదాకా వేయించడం ఒకటి, చల్లారాక నిమ్మరసం తగినంత పిండటం రెండోది. పైకి ఎర్రగా వేగి లోపల మెత్తగా ఉన్న ముక్క తినడానికి కమ్మగా ఉంటుంది, నిలవకు మాత్రం పనికిరాదు. ఇంట్లో చేసిన మాంసం పచ్చడిని ఫ్రిజ్‌లో ఉంచి తొందరగా వాడేయడమే క్షేమం. బోట్యులిజం విషం వాసనలోనో రుచిలోనో తెలియకపోవచ్చు కాబట్టి ‘వాసన బాగానే ఉంది’ అన్నది ఇక్కడ పరీక్ష కాదు.

ఆవపిండి ఘాటు ఎక్కడి నుంచి వస్తుంది

ఆవకాయ పేరులోనే ఆవ ఉంది. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైము వేర్వేరుగా ఉంటాయి. గింజ నలిగి తడి తగిలితే రెండూ కలుస్తాయి, ముక్కుపుటాలు అదిరించే ఆ ఘాటు పుడుతుంది. ఆవగింజ నోట్లో వేసుకున్న వెంటనే ఘాటు తెలియదు, కొరికి కాసేపటికి తెలుస్తుంది. ఆ ఘాటుకు బూజులను, బ్యాక్టీరియాను అణిచే గుణం ఉంది. మొక్క తనను పురుగుల నుంచి కాపాడుకోవడానికి తయారు చేసుకున్నదే మన జాడీకి పనికొస్తోంది.

వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. అందుకే ఆవకాయకు ఆవాలు వేయించరు, ఎండలో పెట్టి పొడి కొడతారు. వేయించిన ఆవపిండికి సువాసన ఉంటుంది, ఘాటు ఉండదు. మిక్సీలో ఒకే ఊపున తిప్పితే పిండి వేడెక్కుతుంది. అందుకే ఆగి ఆగి తిప్పాలని చెబుతారు. మెంతులు మాత్రం వేరే దారి. మాగాయలో, తెలంగాణ తొక్కుల్లో మెంతుల్ని వేయించే పొడి చేస్తారు, వేయిస్తే చేదు తగ్గి కమ్మటి వాసన వస్తుంది కాబట్టి.

ఆవ ఒక్కటే జాడీని కాపాడుతుందనుకోవడం మాత్రం పొరపాటు. రోజులు గడిచేకొద్దీ ఆ ఘాటు తగ్గుతుంది. కొత్తావకాయ ఘాటు, డిసెంబరు ఆవకాయ ఘాటు ఒకటి కావు. మొదటి వారాల్లో ఉప్పు పూర్తిగా పట్టేదాకా కాపలా కాయడంలోనే దాని సాయం ఎక్కువ.

నూనె చంపదు, అడ్డు పడుతుంది

నూనె వల్లే పచ్చడి నిలుస్తుందన్న నమ్మకం బలంగా ఉంది. అది సగమే నిజం. నూనె ఏ సూక్ష్మజీవినీ చంపదు. ముక్కకూ గాలికీ మధ్య గోడలా నిలబడుతుంది, అంతే. బూజుకు గాలి కావాలి కాబట్టి నూనె కింద అది పెరగలేదు. పచ్చడి మీద నూనె తేలి ఉండాలనేది అందుకే. నూనె పచ్చళ్ళలో పైన కనీసం అర సెంటీమీటరు మందం నూనె నిలవాలనీ, లేదా మొత్తంలో నూనె 10 శాతానికి తగ్గకూడదనీ మన ఆహార భద్రత ప్రమాణాల్లో ఉంది. ఉప్పునీటిలో వేసిన పచ్చళ్ళకు ఉప్పు 12 శాతానికి తగ్గకూడదు.

ముక్కలు నూనె పైకి పొడుచుకుని వస్తే అక్కడే బూజు మొదలవుతుంది. జాడీ సగం ఖాళీ అయ్యాక అంచులకు అంటుకున్న పిండి కూడా అంతే. చిన్న సీసాలోకి తీసుకుని వాడుకుంటూ, పెద్ద జాడీని ప్రతిసారీ కదపకుండా ఉంచడంలో ఉన్న తెలివి ఇదే.

నువ్వుల నూనె, గోదావరి జిల్లాల మాటలో పప్పునూనె, ఆవకాయకు కుదిరింది రుచి వల్లే కాదు. అందులో సెసమాల్, సెసమోలిన్ లాంటి పదార్థాలు సహజంగా ఉండి నూనె మక్కిపోకుండా కాపాడతాయి. తెలంగాణలో చాలా ఇళ్ళల్లో పల్లీనూనె కాచి, పోపు వేసి, చల్లార్చి, అల్లం వెల్లుల్లి ముద్దతో కలుపుతారు. రెండూ నిలుస్తాయి. కాచిన నూనె పద్ధతిలో జాగ్రత్త ఒక్కటే: అల్లం వెల్లుల్లి ముద్దలో నీరు ఉంటుంది, దాన్ని నూనెలో బాగా వేగనివ్వాలి, నూనె పూర్తిగా చల్లారాకే ముక్కల మీద పొయ్యాలి. ఏది అసలైన ఆవకాయ అన్న వాదన ఎన్నాళ్ళైనా సాగుతుంది. నిలవ పరంగా చూస్తే వాటి మధ్య గెలుపోటములేమీ లేవు.

తడి, మడి

‘తడి చెయ్యి పెట్టకు’ అన్న మాట వినని తెలుగు పిల్లలు ఉండరు. కానీ ముందు వేసిన లెక్క ప్రకారం చూస్తే 2 కిలోల పచ్చడిలో ఒక చెంచా నీరు పడితే ఉప్పు శాతం పెద్దగా మారదు. మరి ఆ ఒక్క చుక్క ఎందుకు అంత పని చేస్తుంది? అది అంతటా కలవదు కాబట్టి. నీటి చుక్క నూనె మీదో, జాడీ అంచునో, మూత లోపలో ఉండిపోతుంది. అక్కడ ఉప్పు లేదు, పులుపు లేదు, గాలి మాత్రం ఉంది. బూజుకు అంతకన్నా ఏం కావాలి? ఫ్రిజ్‌లోంచి తీసి గంటసేపు బల్ల మీద పెట్టి మళ్ళీ లోపల పెట్టే సీసాల మూతల కింద చెమ్మ పట్టేది కూడా ఇలాగే. జాడీ మూతికి గుడ్డ వాసెన కట్టేవారు. దుమ్ము పడకుండా ఆపుతూనే లోపలి చెమ్మను బయటికి పోనిచ్చేది అది.

మడి కట్టుకుని పెట్టాలనే పాత నియమంలో శుభ్రత, పొడిబట్ట, ఎక్కువమంది చేతులు పడకపోవడం అనే పనికొచ్చే భాగం ఉంది. నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు ముట్టుకుంటే పచ్చడి పాడవుతుందన్న మాటకు మాత్రం ఏ ఆధారమూ లేదు. జాడీకి తెలిసేది చెయ్యి పొడిగా ఉందా, శుభ్రంగా ఉందా అన్నది మాత్రమే. ఎన్నో ఇళ్ళల్లో ఆడపిల్లలు ఈ మాట పడి వంటింటి బయట నిలబడ్డారు. పచ్చడి పాడైతే నెపం వాళ్ళ మీదికి వెళ్ళింది, తక్కువైన ఉప్పును మాత్రం ఎవరూ అడగలేదు.

ముక్క మెత్తబడితే

బూజు లేకపోయినా ముక్క గట్టిదనం పోతే ఆవకాయ పోయినట్టే అనుకునేవారున్నారు. దీని లెక్క వేరు. మామిడి కణాలను పట్టి ఉంచేది పెక్టిన్. కాయ పండేకొద్దీ దానిలోని ఎంజైములు పెక్టిన్‌ను విడగొడతాయి. కాయ కోసిన తర్వాత కూడా ఆ పని సాగుతుంది. కోసిన రోజే ముక్కలు కొట్టి ఉప్పులో వేయాలనడానికి ఇదే కారణం. గాలివానకు రాలిన కాయ చవకగా దొరుకుతుంది, కానీ దెబ్బ తగిలిన చోట అప్పటికే మెత్తబడటం మొదలై ఉంటుంది. దాన్ని పప్పులోకో తురుముపచ్చడికో వాడుకోవచ్చు, ఏడాది ఆవకాయకు వద్దు.

టెంకతో సహా ముక్క కొట్టడం కూడా అంతే. టెంక ముదిరిన కాయలో కండ గట్టిపడి ఉంటుంది, ఇంకా పండటం మొదలవదు. ప్రతి ముక్కకూ టెంక పెంకు అంటి ఉంటే కండ విడిపోకుండా పట్టుకుంటుంది. లోపలి జీడిని, దాని చుట్టూ ఉన్న పలుచటి పొరను తీసేసి, ముక్కను పొడిగుడ్డతో తుడవాలి. ఆ పొర మీద చెమ్మ ఉంటుంది, వదిలేస్తే కాస్త చేదూ వస్తుంది. కొత్తపల్లి కొబ్బరి, చిన్నరసం, తెల్లగులాబి లాంటి రకాలకు ఆవకాయ కాయలుగా పేరు రావడం పులుపు, పీచు, గట్టి కండ కలిసినందువల్లే. పండుగా ఎంతో మధురమైన బంగినపల్లి ఆవకాయకు అంత కుదరదు, పులుపు తక్కువ.

మాగాయ పద్ధతి ఇంకో దారిలో ఇదే చోటికి చేరుతుంది. ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి, ఊట దిగాక పిండి, ముక్కల్ని ఎండబెట్టి, మళ్ళీ ఆ ఊటలోనే వేస్తారు. ఆవకాయలో నీటిని ఉప్పు కట్టేస్తే, మాగాయలో ఎండ కొంత నీటిని ముందే తీసేస్తుంది. అందుకే మాగాయ పెట్టే మూడు నాలుగు రోజులు మబ్బు పట్టిందంటే ఇంట్లో టెన్షన్. ఎండ సరిగా లేక సగం ఎండిన ముక్క బయట పొడిగా, లోపల తడిగా ఉంటుంది. అది నమ్మదగింది కాదు.

కిమ్చీకి, ఆవకాయకు పోలికెంత

ఆవకాయ కూడా పులియబెట్టిన ఆహారమేననీ, కడుపుకు మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుందనీ ఇటీవల ప్రచారం ఎక్కువైంది. కొరియా కిమ్చీ, జర్మనీ సౌవర్‌క్రౌట్‌లలో ఉప్పు సుమారు 2 నుంచి 3 శాతమే. ఆ కొంచెం ఉప్పు చెడ్డ బ్యాక్టీరియాను ఆపి లాక్టిక్ బ్యాక్టీరియాను పెరగనిస్తుంది. క్యాబేజీకి మొదట పులుపు లేదు, ఆ బ్యాక్టీరియానే పులుపును తయారు చేస్తుంది. ఆవకాయలో పులుపు కాయలోనే ఉంది, ఉప్పు నీటిలో 20 శాతం దాకా ఉంటుంది. అంత ఉప్పులో లాక్టిక్ బ్యాక్టీరియా పెరగడం చాలా పరిమితం. అంటే కిమ్చీ బ్యాక్టీరియాను పెంచి నిలిచే పచ్చడి, ఆవకాయ బ్యాక్టీరియాను ఆపి నిలిచే పచ్చడి. ఆవకాయను ప్రోబయాటిక్ అనడం సరికాదు. కడుపు కోసం పులిసిన మజ్జిగ, చద్దన్నం ఉండనే ఉన్నాయి. ఆవకాయ గొప్పతనానికి ఆ కొత్త పేరు అక్కర్లేదు.

ఇంటి పచ్చడి అమ్మకానికి వెళ్తే

తణుకు దగ్గరి ఉసులుమర్రు లాంటి ఊళ్ళు పచ్చళ్ళ తయారీతోనే పేరు తెచ్చుకున్నాయి. ఇప్పుడు అపార్టుమెంట్లలోంచి కూడా వాట్సాప్ ఆర్డర్ల మీద పచ్చళ్ళు పోతున్నాయి. ఇంట్లోవాళ్ళు తినే పచ్చడికి, ఎవరో కొనుక్కుని తినే పచ్చడికి మధ్య బాధ్యతలో తేడా ఉంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద చిన్న తయారీదారులకు కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఫ్యాక్టరీ పచ్చళ్ళలో బెంజోయిక్ ఆమ్లం లాంటి ప్రిజర్వేటివ్ కిలోకు 250 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. అది వాడనివారు ‘నో ప్రిజర్వేటివ్స్’ అని రాసుకోవచ్చు, కానీ అప్పుడు ఉప్పు, పులుపు, నూనె లెక్క ఒక్కో బ్యాచ్‌కూ సరిగ్గా ఉండాల్సిందే. ఇంటి రుచి అన్న మాట దానికి ప్రత్యామ్నాయం కాదు.

కారం నాణ్యత దగ్గర కూడా ఒక పాఠం ఉంది. 2003లో భారత్ నుంచి వెళ్ళిన కారంలో సుడాన్ రంగు బయటపడటంతో ఐరోపా పరీక్షలు తప్పనిసరి చేసింది. అది ఆహారంలో వాడకూడని రంగు. మంచి ఎరుపు కావాలంటే దారి వేరే ఉంది. ఎర్రటి రంగు ఉండి కారం తక్కువున్న వరంగల్ చపాటా లాంటి మిర్చిని, ఘాటున్న గుంటూరు సన్నంతో కలిపి పట్టించుకోవచ్చు. మిరపలోని ఎరుపు వెలుతురుకు, గాలికి వెలిసిపోతుంది. అద్దపు సీసాను గట్టు మీద ఎండ తగిలేచోట పెడితే పచ్చడి గోధుమరంగుకు తిరగడం అందువల్లే, అది పాడవడం కాదు. పింగాణీ జాడీ ఈ ఒక్క విషయంలో అద్దం కన్నా మేలు. స్టీలు డబ్బాలో ఉప్పూ పులుపూ నెలల తరబడి ఉంటే చిన్న చిన్న గుంటలు పడతాయి, ఇనుము, అల్యూమినియం అయితే చెప్పనే అక్కర్లేదు.

అమెరికాకో ఆస్ట్రేలియాకో పంపేటప్పుడు మాంసం పచ్చళ్ళ సంగతి ముందే చూసుకోవాలి. మాంసం ఉన్న పదార్థాల మీద ఆ దేశాల్లో ఆంక్షలు గట్టిగా ఉంటాయి. విమానంలో నూనె కారే సీసాను చేతిసంచిలో కాకుండా చెక్-ఇన్ సామానులో పెట్టాలి. కొత్తగా కలిపిన పచ్చడిని అదే వారంలో ప్యాక్ చేయకపోవడం మంచిది. ఊట ఇంకా దిగుతూ ఉంటుంది, నూనె పైకి తేలుతూ ఉంటుంది, గట్టిగా మూసిన ప్యాకెట్ అందుకే కారుతుంది.

పైన తెల్లగా కనిపిస్తే

చివరికి అందరూ అడిగే ప్రశ్న: బూజు పైపైన తీసేసి వాడుకోవచ్చా? ముందు అది ఏమిటో చూడాలి. ఉప్పు ఎక్కువైన చోట మెరిసే తెల్లటి పలుకులు కనిపిస్తే అది ఉప్పే, వేళ్ళ మధ్య నలిపితే గరుకుగా తగులుతుంది. ఊట మీద పలుచగా, ముడతల కాగితంలా పరుచుకున్న తెల్లటి పొర చాలావరకు ఈస్టు. అది విషం కాదు గానీ పులుపును తినేస్తుంది, అంటే రెండో తాళం నెమ్మదిగా వదులవుతోందని అర్థం. కలిపిన మొదటి వారంలోనే కనిపిస్తే ఆ పొరను, దానికి ఆనుకుని కింద ఉన్న ముక్కలతో సహా ఎత్తి పారేసి, మిగిలినదాన్ని తూచి, తక్కువైన ఉప్పు వేసి, నూనె తేలేలా పోసి ఫ్రిజ్‌లోకి మార్చుకోవచ్చు.

దూదిలా, నూగులా పెరిగి నల్లగానో పచ్చగానో నీలంగానో ఉంటే అది బూజు. పైకి కనిపించేది దాని కొసలే, వేళ్ళలాంటి పోగులు లోపలికి పాకి ఉంటాయి. కొన్ని బూజులు వదిలే విషాలు వేడిచేసినా పోవు, కాబట్టి పైపైన తీసేసి వాడకూడదు, అంతా పారేయాల్సిందే. నూనె కింద బుడగలు లేస్తున్నా, మూత తీయగానే బుస్సుమన్నా, మాంసం పచ్చడిలో ఏ కొంచెం తేడా కనిపించినా అదే మాట. ఆ జాడీ ఖాళీ చేసి, వేడినీళ్ళతో కడిగి, ఎండలో రెండు రోజులు బోర్లించాలి. కాయ ఇంకా దొరుకుతుంటే రెండు కిలోలతో మళ్ళీ మొదలుపెట్టవచ్చు, ఈసారి ఉప్పును కాటా మీద పెట్టి.